బొమ్మ నేర్పిన నడక

“ఎడమ కాలు బాపూ, ఎడమది. ఎన్నిసార్లు చెప్పాలె?”

కొండల్ విసుక్కున్నాడు. కంప్యూటర్ సెంటర్లో కుర్చీల నడుమ కుంటుతున్న రాజం ఎక్కడివాడక్కడ ఆగిపోయాడు. ముప్పై ఏళ్లుగా బొగ్గుబావిలో దిగి ఎక్కుతున్న మనిషి, కొడుకు ముందు బడిపిల్లాడిలా నిలబడ్డాడు.

మంగళవారం కంపెనీ మెడికల్ బోర్డు. డాక్టర్లు తండ్రిని ‘అన్‌ఫిట్’ అని రాస్తే ఆ నౌకరీ కొడుక్కి వస్తుంది. వయసు మీరుతోంది కనక రాజంకు ఇదే ఆఖరి బోర్డు. డిగ్రీ చదివి మూడేళ్లుగా ఖాళీగా తిరుగుతున్న కొండల్‌కూ ఇదే ఆఖరి ఆశ.

ఆ ఆశతోనే అతను కుంటును కంప్యూటర్లో తయారుచేశాడు. మంచిర్యాల బస్టాండు ఎదుట, మేడ మీది సెంటర్లో త్రీడీ బొమ్మల కోర్సులో చేరి రెండు నెలలైంది. మనిషి బొమ్మ లోపల ఎముకలు అమర్చడం, కీళ్లు బిగించడం, నాలుగడుగులు నడిపించడం వచ్చింది. ఆ మాత్రం విద్యకే మనవాడిని పట్టలేకపోతున్నారు. పదకొండు రోజులు కూర్చుని కుంటే బొమ్మను చేశాడు. ఆదివారం సెంటర్ ఖాళీగా ఉంటుందని, అక్కడ పాఠాలు చెప్పే లింగమూర్తి సారును బతిమాలి తాళంచెవి తెచ్చుకున్నాడు.

తెర మీద బొమ్మ ఎడమ కాలు ఈడ్చుకుంటూ నడిచింది. ఎన్నిసార్లు నడిచినా అదే తీరు.

“చూసినవా? మోకాలు వంగద్దు. బరువంత కుడి కాలు మీదెయ్యాలె.”

“గట్ల కాదు బిడ్డా, కుడి కాలైతే నాకు జర...”

“కుడిదంటే మల్ల మొదటికెల్లి ఎముకలు బిగియ్యాలె. ఎడమను కుడికి తిప్పుడు నాకింకా రాదు, సారు గా పాఠం చెప్పలే. అర్జీ మీద సుత ఎడమ కాలనే రాసిచ్చిన. ఇంకేం ఫికర్ చెయ్యకు. బొమ్మ నడిచినట్టు నడువు, చాలు.”

రాజం మళ్లీ ఎడమ కాలు ఈడ్చాడు. చదువుకున్న కొడుకు చెబుతున్నాడు, పైగా కంప్యూటరే నడిచి చూపిస్తోంది. తనకేం తెలుసు? పొద్దు వాలేదాకా అటూ ఇటూ నడిచాడు. మధ్యలో మూలిగితే కొండల్‌కు ఒళ్లు మండింది.

“గంత యాక్టింగ్ వద్దు బాపూ. బొమ్మ మూల్గుతుందా?”

మంగళవారం ఏ పుణ్యాన కనికరించాడో గాని, ఆస్పత్రి కాంపౌండరు కొండల్‌ను బోర్డు గది తలుపు దగ్గర నిలబడనిచ్చాడు. రాజం అచ్చం బొమ్మలాగే నడిచాడు. మోకాలు వంగలేదు, అడుగు తప్పలేదు. కొండల్ లోలోపల పొంగిపోయాడు. నౌకరీ వచ్చినట్టే అనుకున్నాడు.

డాక్టరు ఎడమ మోకాలు నొక్కాడు. మడిచాడు, సాచాడు. ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూశాడు.

“ఈ కాలు నా కాలు కన్నా మంచిగుంది. ఇంకేమన్న బాధ ఉన్నదా?”

రాజం కొడుకు వైపు చూశాడు. నేర్పింది తప్ప ఇంకో మాట మాట్లాడొద్దన్నట్టు కొండల్ కళ్లురిమాడు.

“ఏం లేదు సార్.”

“ఫిట్. రేపటి నుంచి డ్యూటీకి పో.”

ఆస్పత్రి మెట్ల మీద కొండల్ తండ్రిని నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా కడిగిపారేశాడు. “నా బతుకు ఆగం చేసినవ్. డాక్టరు మోకాలు వంచుతుంటే ఒక్క కేకన్న ఎయ్యకపోతివి. ఆదివారం అంత మూల్గితివి, ఇయ్యాల నోరు పడిపోయిందా?”

రాజం మెట్టు మీద కూలబడి, పళ్లు బిగబట్టి, రెండు చేతులతో కుడి మోకాలు పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది.

కొండల్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఇంకెవలి కోసం ఈ నాటకం? గదన్న సక్కగ చెయ్యవైతివి. కుంటు కాలు ఎడమదైతే కుడిది పట్టుకుంటివి.”

“ఎడమది నీ బొమ్మది బిడ్డా,” అన్నాడు రాజం. “బావిల బొగ్గు మోసే టబ్బు గుద్దింది నాకు గీ కాలుకే.”