గంగి లంగాకు జేబు

"జేబు బొడ్డు కాడ కుట్టమంటే కిందికి కుట్టినవేందవ్వా?"

లంగా చేతిలో పట్టుకొని జగపతి అడిగాడు. సాయంత్రం నాటకం. రాసిందీ ఆయనే, ఆడించేదీ ఆయనే.

కుట్టుమిషను ముందున్న ముసలామె దారం తెంపింది.

సకల జనుల సమ్మె ఇరవయ్యో రోజు. మానుకోటలో బస్సుల్లేవు, బడుల్లేవు. దర్జీ తన మిషను దీక్షా శిబిరంలో వదిలి రోడ్డు మీద వంటావార్పుకు పోయాడు. గూడూరు వైపు తండా నుంచి శిబిరానికి వచ్చిన ఈమె, "నేను కుడత తియ్" అని ముందుకొచ్చింది. పేరు తారి అంది.

నాటకం గంగి గురించి. రజాకార్ల కాలంలో దళానికి చీటీలు మోసిన తండా పిల్ల. సోదాలో చీటీ దొరికింది. పదిహేడేళ్లకే కాల్చేశారు.

తారి అద్దాల లంగా బాగానే కుట్టింది. జేబు మాత్రం లోపల, కింది పట్టీ వెనక పెట్టింది.

"బొడ్డు కాడ వద్దు బిడ్డా. ఆడోళ్లు ఏదున్నా బొడ్లెనే చెక్కుకుంటరని అందరికెరుకే. సోదా చేసేటోని చెయ్యి ముందు గాడికే పోతది."

"పోవాలె. చీటీ తియ్యాలె. జనానికి కండ్లవడాలె. గందుకే గాడ కుట్టమంటున్న."

"దొరికితే పిల్ల సస్తది."

"నాటకమవ్వా. సచ్చేదే కథ."

గంగి వేషం కట్టే సౌందర్య నవ్వింది. "నన్ను బతికిస్తవా ఏందవ్వా?"

తారి నవ్వలేదు.

"కింద దాస్తే దొరకదు. ఒక్కపారి గట్ల ఆడుండ్రి."

"చరిత్ర మారుస్తమా? మూడేండ్లు ఊరూరు తిరిగి రాసిన. నీకేమెరుక?"

"నాకు సదువు రాదు."

"మరి చెప్పినట్టు కుట్టు."

"నాతోని కాదు. ఇంకెవ్వలతోనన్న కుట్టించుకో."

లేచి పోయింది.

"ముసల్దానికి ఎంత మొండితనం" అన్నాడు జగపతి.

సౌందర్యే జేబు విప్పి చేతిసూదితో నడుం దగ్గర కుట్టుకుంది.

నాటకం పండింది. రజాకారు చెయ్యి నేరుగా నడుం మీదికి పోయింది. చీటీ బయటికొచ్చింది. శిబిరమంతా కళ్లు తుడుచుకుంది.

గంగి తమ్ముడు మాన్‌సింగ్ ముందు వరసలో ఉన్నాడు. డెబ్బై ఐదు దాటిన మనిషి. మెల్లగా వేదిక ఎక్కి, సౌందర్య లంగాకున్న జేబు చూశాడు.

"గిట్లనే ఉండె. గిక్కడనే. మీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరూ చెప్పలే బాపు" అన్నాడు జగపతి. "ఒకవ్వయితే గిక్కడ కుట్టనే కుట్టనని అలిగి పోయింది. తారి అంట."

"తారి వచ్చిందా? ఏది?"

"అప్పుడే పోయింది. బస్సుల్లేవు గద, నడిచే పోయినట్టుంది. ఎవరు బాపు ఆమె?"

మాన్‌సింగ్ గూడూరు రోడ్డు వైపు చూశాడు.

"మా అక్క దోస్తు. గప్పట్ల అక్క లంగాకు బొడ్డు కాడ జేబు కుట్టింది ఆమెనే."