గుడ్డ బూట్లు

"పొట్టిదానివి, ముందు నిలబడ్డావేం? వెనక్కి పో."

సెలవుల తర్వాత మొదటి సోమవారం డ్రిల్లు మాస్టారు అన్న మాట అది. వరుసంతా కిసుక్కున నవ్వింది.

ఆ అమ్మాయి తల వంచుకుని, పొడుగు పిల్లల వెనక్కి వెళ్ళి నిలబడింది. అక్కణ్ణుంచి వీపులు తప్ప ఇంకేమీ కనిపించవు. ఆ రోజు నుంచి ఆమె చోటు అదే.

ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉన్నా బడిలో ఆమె పేరు మేక. మాంసం మానేసి, గుడ్డు మానేసి, చివరికి పాలూ పెరుగూ కూడా మానేసిన పదహారేళ్ళ పిల్లకి తోటివాళ్ళు అంతకన్నా మంచి పేరు పెడతారా?

"మేకా, ఇవాళ మేతేంటే?" అని ఒకరంటే పదిమంది నవ్వేవారు.

అందుకే ఆమె మెట్ల కింద కూర్చుని తినేది. ఒక్కతే.

ఇదంతా సెలవుల్లో పిన్ని వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మొదలైంది. వాళ్ళ వీధి చివర తోళ్ళ ఫ్యాక్టరీ ఉంది. దాని పక్క కాలువ నల్లగా, నురగలు కక్కుతూ పారుతోంది. గేటు ముందు లారీలో పచ్చి తోళ్ళు. అందులో ఒక దూడ తోలు మీద నుదుటి తెల్లమచ్చ ఇంకా అలాగే ఉంది.

ఆ మచ్చ ఆ పిల్ల కళ్ళలోంచి పోలేదు.

బడి రూలు మాత్రం లెదర్ బూట్లు. లేకపోతే టీసీ ఇచ్చి పంపేస్తారు.

"పోనీ రెక్సిన్‌వి కొనుక్కోవే, ఎవరు చూడొచ్చారు" అంది అమ్మ.

"అవి ప్లాస్టిక్ అమ్మా. మనం పోయాక కూడా మట్టిలో అలాగే ఉంటాయి."

"తోలు వద్దు, ప్లాస్టిక్ వద్దు, పాలు వద్దు. రేపు గాలి కూడా వద్దంటావు."

నాన్న పేపర్లోంచి తలెత్తలేదు. "దొరికిపోయిన రోజు నన్ను మాత్రం పిలవకండి" అన్నాడు.

బడి తెరిచేలోపే ఆ పిల్ల, అక్క వదిలేసిన పాత గుడ్డ బూట్లకి నల్లరంగు అద్దింది. గంజి పెట్టి బిరుసుగా ఆరబెట్టింది. దూరం నుంచి చూస్తే తోలు బూట్లే.

భయమల్లా దగ్గర్నుంచి చూసే మనిషితోనే.

డ్రిల్లు మాస్టారంటే అలాంటిలాంటి మనిషి కాదు. చొక్కా గుండీ వదులైనా పసిగట్టేస్తారు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. ప్రతి సోమవారం పెద్ద మేడమ్ వేదిక మీద నిలబడితే, ఆయన ఒక్కొక్కరి కాళ్ళూ చూసుకుంటూ వచ్చేవారు.

వెనక వరుస దాకా వచ్చేసరికి మేక కాళ్ళు రెండూ దగ్గరికి చేర్చుకునేది.

ఆయన వంగేవారు. చూసేవారు. లేచేవారు.

"మడమ దగ్గర తెల్లబడుతోంది. పాలిష్ సరిగా వెయ్."

"అలాగే సార్."

అంతే, వెళ్ళిపోయేవారు. మేక లోలోపల నవ్వుకునేది. అంత గడుసు మనిషినీ బురిడీ కొట్టిస్తున్నానన్న సంతోషం ఒక్కటే ఆ బడిలో ఆమెకి మిగిలింది. అది చెప్పుకుందామన్నా పక్కన మనిషి లేదు.

సగం ఏడాది గడిచాక మాస్టారు రిటైరయ్యారు. దూరాన ఎక్కడో కూతురు దగ్గరికి వెళ్ళిపోతున్నారట. ఎంత కసిరినా పిల్లలందరూ ఆయనకి పువ్వులివ్వడానికి బారులు తీరారు.

మేక మెట్ల కిందే కూర్చుంది. నలుగురిలో పొట్టిదని వెనక్కి నెట్టిన మనిషికి పువ్వులేమిటని ఆమె పట్టుదల.

వెళ్తూ వెళ్తూ మాస్టారు అక్కడ ఆగారు.

"తిన్నావా?"

"తిన్నాను సార్."

ఆయన ఇంకేదో అనబోయి మానుకున్నారు. ఆమె తలెత్తలేదు. ఆయన వెళ్ళిపోయారు.

తరువాతి సోమవారం కొత్త డ్రిల్లు టీచర్ వచ్చింది. చిన్న వయసు, చలాకీ మనిషి.

"ఆ పొట్టి అమ్మాయిని వెనకెవరు పెట్టారు? ముందుకు రామ్మా, నీకేమీ కనిపించదు అక్కడ."

మాటలో ఎంతో దయ ఉంది. మేక ముందుకొచ్చింది. వేదిక మీంచి తన కాళ్ళు ఎంత బాగా కనిపిస్తాయో అక్కడ నిలబడ్డాకే ఆమెకి తెలిసింది.

కొత్త టీచర్ వంగనైనా లేదు.

"అవి గుడ్డవి కదూ?"

ఆ మాటకి పెద్ద మేడమ్ వేదిక దిగి వచ్చారు.

మేకని ఆఫీసు గదికి తీసుకెళ్ళారు.

"రేపు లెదర్ బూట్లతో రా. లేదంటే టీసీ తీసుకో" అన్నారు మేడమ్.

దూడ నుదుటి మచ్చ ఒక్కసారి కళ్ళ ముందు మెదిలింది.

"అమ్మని తీసుకొస్తాను మేడమ్. టీసీ ఇచ్చేయండి."

మేడమ్ ఇంకేదో జవాబు వస్తుందనుకున్నట్టున్నారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇన్నాళ్ళూ మాస్టారి దగ్గర ఎలా నెట్టుకొచ్చావు?"

"రంగు అద్ది, గంజి పెట్టాను. ఆయనకి తెలీలేదు."

చెప్తుంటే ఆ గొంతులో కాస్త గర్వం కూడా పలికింది. మొదటిసారి ఒకరితో చెప్పుకుంటోంది మరి.

మేడమ్ వంగి ఆ బూట్ల వైపు చూశారు.

"ప్రతి సోమవారం అడిగేదాన్ని, అందరివీ లెదరేనా అని. అందరివీ లెదరే మేడమ్ అనేవారు."

"ఆయన తప్పేం లేదు మేడమ్. నిజంగానే కనిపెట్టలేకపోయారు."

"మాస్టారి వాళ్ళ నాన్నది బూట్ల దుకాణం అమ్మా" అన్నారు మేడమ్ మెల్లగా. "ఈ ఉద్యోగం వచ్చేదాకా అక్కడ తోలు కోసి బూట్లు కుట్టింది ఆయనే."