కుడి జేబు

కొత్త చొక్కా తొడుక్కుని చూసుకుంటున్న పోస్ట్‌మ్యాన్ అలవాటు కొద్దీ ఎడమవైపు పెన్ను దోపుకోబోయాడు. అది జారి కింద పడింది. జేబు కుడివైపు ఉంది.

టైలరమ్మ ఆ చొక్కా కుట్టిన కూతురి వైపు తిరిగింది. "ఏ మహానుభావుడు నేర్పాడే నీకిలా?"

"వీడియోలో అలాగే ఉందమ్మా." కూతురు ఫోన్ చూపించింది.

తల్లి కళ్లజోడు సర్దుకుని వంగింది. "వెనక గోడ మీద అక్షరాలు చూడు, తిరగబడి ఉన్నాయి. సెల్ఫీ కెమెరా తల్లీ! అందుకే ఎడమ కుడి అయింది. కింద ఇన్ని వేలమంది సూపర్ అని చప్పట్లు కొట్టారు, ఒక్కళ్లకీ కళ్లు లేవా?"

"నాకు డౌటొచ్చి కామెంట్లో ఆ వీడియో అతన్నే అడిగాను. లవ్ సింబల్ పెట్టాడు."

"ఆహా, ఏం గురువు! ఇరవయ్యేళ్లుగా పక్కనే కుడుతున్నాను, నన్నడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"ముందు నిన్నే అడిగాను. తలెత్తకుండా 'చూసి నేర్చుకో' అన్నావు. చూసే నేర్చుకున్నాను."

పోస్ట్‌మ్యాన్ చొక్కా విప్పి ఇచ్చాడు. తల్లి ఇంకో స్టూలు తన పక్కకి లాగింది.

"ఫోన్ అవతల పెట్టి కూర్చో. ముందు జేబు కుట్లు విప్పు. డౌటొస్తే అడుగు. నేను లవ్ సింబల్ పెట్టను, మొట్టికాయ వేస్తాను. కానీ జవాబు చెప్తాను."