వంజరం తలకాయ

"ఏం గురూ, ఇవాళ తలకాయా, తోకా?"

రేవులో పడవలకి పెట్రోలు పోసే రోస్కో పళ్లన్నీ బయటపెట్టి అడిగాడు. వర్జిల్ విననట్టు టోపీ కిందికి లాక్కున్నాడు.

"ఇవాళ చేపే తెస్తాడు, చూస్తూ ఉండు," అంది వర్జిల్ భార్య ఓపల్, తిండిడబ్బా ఒళ్లో పెట్టుకుని పడవ వెనక సీట్లో సర్దుకుంటూ.

"తేవాలి మరి, ఓపల్ గారూ. రేపు చర్చి విందుకి చేపలు నావే అని అందరి ముందూ లేచి నిలబడి చెప్పాడు కదా. ఎందుకైనా మంచిదని పాస్టరుగారు కోళ్ల దుకాణానికి కబురు పెట్టి ఉంచారట."

వర్జిల్ మొహం ఎర్రబడింది. "ఆ కోళ్లు ఆయన్నే తినమను," అని ఇంజను స్టార్ట్ చేశాడు.

నిరుడు ఈ మాటలు పడాల్సిన అవసరం లేకపోయింది. నిరుడు వర్జిల్ ఈ తీరానికి మహారాజు. శనివారం పొద్దున్నే ఒక్కడే రేవు ముందున్న గల్ఫ్ సముద్రంలోకి వెళ్లి, మధ్యాహ్నానికి ఐసుపెట్టె నిండా వంజరాలు తెచ్చేవాడు. పెట్టెని వెనక వరండాలో దించి, వీధిలో సగంమందిని రాత్రి భోజనానికి పిలిచి, ఊయల మంచం ఎక్కి గుర్రు పెట్టేవాడు. "మా ఓపల్ కోస్తే ముక్కలో ఒక్క ముల్లు దొరకదు," అని వచ్చినవాళ్లకి చెప్పి భుజాలెగరేసేవాడు. ముందురోజు సాయంత్రం దాకా పెట్టెడు చేపలు కోసి ఆదివారం చర్చికొచ్చిన ఆవిడ పక్క సీటు మాత్రం ఎందుకో ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

ఈ వేసవిలో ఓపల్ తనూ వస్తానంది. "నీతో కాస్త గడిపినట్టుంటుంది," అంది. వర్జిల్ మురిసిపోయాడు. రేవులో తక్కిన మగాళ్లు కుళ్లుకున్నారు. అంత ఎండలో శాండ్‌విచ్‌లు కట్టుకుని మొగుడి వెంట సముద్రం మీదికి ఏ పెళ్లాం వస్తుంది?

భార్య కలిసొచ్చింది గానీ చేపలు కలిసి రాలేదు. ఓ డాల్ఫిన్ తయారైంది. దాని వీపు రెక్కకి పైన చిన్న గంటు. గల్ఫ్‌లో ఎన్ని పడవలున్నా అది వర్జిల్ పడవ దగ్గరికే వస్తుంది. గాలానికి పడిన చేపని మెడ దాకా కొరుక్కుపోయి, గాలపు ముల్లున్న తలకాయని మర్యాదగా వదిలేస్తుంది. వర్జిల్ దానికి పన్నులాఫీసరని పేరు పెట్టాడు. రేవు జనం వర్జిల్‌కి తలకాయల వర్జిల్ అని పేరు పెట్టారు.

వర్జిల్ చెయ్యని ప్రయత్నం లేదు. ఇంజను మార్చాడు. పడవకి రంగు మార్చాడు. తన ఈలని గుర్తుపడుతోందేమోనని ఈల వెయ్యడం మానేశాడు. చివరికి గడ్డం కూడా గీయించాడు. డాల్ఫిన్ ఏమీ అనుకోలేదు. వస్తూనే ఉంది.

"ఎవరో మప్పి ఉంటారు గురూ," అన్నాడు రోస్కో ఓసారి. "తిండి పెట్టందే అవి ఇంతలా వెంటపడవు. చట్టప్రకారం నేరం అది."

"ఇంకెవరు, ఉత్తరాది నుంచి దిగే టూరిస్టులు! సాసేజ్ ముక్కలు చూపించి ఫొటోలు దిగడానికి!" వర్జిల్ మండిపడ్డాడు.

"ఎంత బాధ్యత లేని మనుషులో!" అంది ఓపల్.

ఇవాళ తీరం కనుమరుగయ్యాక వర్జిల్ ఇంజను ఆపి, ముందువైపు నిలబడి గాలం వేశాడు. వెనక ఓపల్ చర్చి పాటేదో కూనిరాగం తీస్తూ, పడవ అంచు మీద తాళం వేస్తోంది. కాసేపటికి దారం బిగిసింది. వర్జిల్ ఒళ్లంతా చెమటలు కక్కుతూ లాగాడు.

తలకాయ వచ్చింది.

పెద్ద వంజరం తలకాయ. తన ఒళ్లేమైందో తనకే తెలియనట్టు నోరు తెరుచుకుని చూస్తోంది. అవతల బూడిదరంగు వీపొకటి లేచి, ఫుస్సుమని ఊపిరి వదిలి, మునిగిపోయింది.

"దొంగవెధవ! పట్టపగలు దోచుకుపోయాడు!"

"రసీదు ఇచ్చాడుగా," అంది ఓపల్, తలకాయ వంక చూస్తూ.

"నీకు నవ్వులాటగా ఉంది! రేపు చర్చిలో నేనెక్కడ తల పెట్టుకోను? ముందు నువ్వా టకటక ఆపు, చేపలు బెదిరి చస్తున్నాయి."

"పాటకి తాళం వేశాను, అంతే." ఓపల్ చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. ఓ శాండ్‌విచ్ తీసి అతనికిచ్చింది.

వర్జిల్ పడవని ఇంకా దూరం పోనిచ్చి మళ్లీ గాలం వేశాడు. ఈసారి దారం కీచుమంటూ పరిగెత్తింది. కర్ర విల్లులా వంగింది. నీళ్ల మీద వెండి మెరుపొకటి ఎగిరి పడింది. అంత వంజరాన్ని వర్జిల్ జన్మలో చూడలేదు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. గంటు రెక్క జాడ లేదు.

"పన్నులాఫీసరు సెలవు పెట్టాడే, ఓపల్!" అని కేకేశాడు. "రేపు చర్చి మొత్తానికి ఇదొక్కటే చాలు. రోస్కోగాడి కళ్లముందు తూకం వేయిస్తా. రాత్రికి వాణ్నీ, వాళ్ల వాళ్లందర్నీ భోజనానికి పిలుస్తా. ఇంటికెళ్లగానే నేనో కునుకు తీస్తాను, ఈలోపు నువ్వు కత్తి నూరుకో బంగారం. ఇక చూడు, ప్రతి శనివారం మళ్లీ నిరుటి రోజులే!"

"అలాగే," అంది ఓపల్, అతను అటు తిరిగి దారం చుట్టడంలో మునిగిపోగానే శాండ్‌విచ్‌ల అడుగున దాచిన చిన్న చేపనొకదాన్ని పైకి తీసి, ప్రతి శనివారంలాగే పడవ అంచు మీద పెళ్లి ఉంగరంతో మూడుసార్లు కొట్టి, నీళ్లలోకి జారవిడుస్తూ.