తడి వత్తి

అత్తగారు అటు తిరగగానే కోడలు వత్తిని నీళ్ళలో ముంచి, పైపైన పిండి, నూనె ప్రమిదలో పెట్టేసింది.

"అయిందా అమ్మాయ్? వాడికి వేళవుతోంది."

"అయిందత్తయ్యా."

ఆ రాజ్యంలో మాంత్రికులకు బిరుదులిచ్చే పద్ధతి అది. ప్రమిదా వత్తీ ఇంటివాళ్ళే సిద్ధం చేసి పంపాలి. కొలువులో దాన్ని చూపుతోనే వెలిగించినవాడు 'జ్వాలాధీశుడు'. వెలిగించలేనివాడు 'వీధిదీపాల మాంత్రికుడు'. పేరుకే మాంత్రికుడు, కాగడా పట్టుకుని సందుసందూ తిరగాలి. జ్వాలాధీశుడికి పట్టుబట్టలు, పల్లకీ, కోటబురుజులో గది. కాకపోతే బురుజెక్కినవాడు మళ్ళీ దిగడు. పెళ్ళాన్నీ తల్లినీ మరిచిపోవలసిందే. వద్దంటే చెరసాల.

ఏ బిరుదూ లేనివాడు ఇంట్లో మంత్రం వేయకూడదు. అందుకే మొగుడి శక్తి ఏపాటిదో ఆమె ఎన్నడూ చూడలేదు. ఎంత మొనగాడైనా తడి వత్తిని వెలిగించలేడనే ధైర్యంతో ఉంది.

మధ్యాహ్నం నుంచీ వాన. సాయంత్రానికి అతను తడిసి ముద్దయి వచ్చాడు. ఆరిపోయిన కాగడాను గుమ్మం దగ్గరే ఆనించాడు.

"అంటుకోలేదమ్మా," అన్నాడు తల దించుకుని.

"నోటిదాకా వచ్చిన కూడు నేలపాలైంది కదరా. పల్లకీ వస్తుందని ఊరంతా చెప్పుకున్నాను," అంది తల్లి. అంటూనే కొంగుతో అతని తల తుడిచింది. "పోనీలే. కళ్ళ ముందుంటావు."

కోడలికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే అతని వాలిన తల కంటబడింది. ఎన్నేళ్ళ చదువు, తన చేత్తో నీళ్ళపాలు చేసింది. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముందు కూలబడి ఊదసాగింది. పొగ తప్ప మంట లేదు.

అతను వెనకే వచ్చాడు.

"ఏడుస్తున్నావా?"

"పొగండీ." ఊదడం ఆపి, "మీకో మాట చెప్పాలి. ఆ వత్తి..." అంది.

"కట్టెలు తడిశాయా?"

"వానకి నానిపోయాయి. ఇవి అంటుకునేట్టు లేవు. ముందు నా మాట వినండి."

"పక్కకి జరుగు. ఇవాళ్టి నుంచి నాకూ బిరుదుందిగా."

ఆమె చేతిలోని ఊదుగొట్టం తీసి పక్కన పెట్టాడు. పొయ్యి వంక ఒక్క చూపు చూశాడు.

తడి కట్టెలు భగ్గున మండాయి.