ఒక ఎర్ర పావు, ఇరవై రెండు నీలం పావులు

కూతురు నైనిక లంచ్ బాక్స్‌కి అంటించే పేరు చీటీలు ప్రింట్ చేద్దామని రేణు మేడ మీదికి వెళ్లింది. సోమవారం నుంచి పిల్ల కిండర్‌గార్టెన్‌కి వెళ్తుంది. శుక్రవారం మధ్యాహ్నం, ఇంటి నుంచే ఆఫీసు పని. రెండు మీటింగులకి మధ్య పది నిమిషాలు దొరికాయి.

ప్రింటర్ ట్రేలో అప్పటికే నాలుగు కాగితాలున్నాయి. అన్నీ గళ్ల కాగితాలే.

విహాన్ పనే అనుకుని నవ్వుకుంది. పదమూడేళ్ల కొడుక్కి ఈ సెలవుల్లో పట్టిన పిచ్చి ఇది. పదిహేను లైన్ల కోడ్ రాస్తాడు, బటన్ నొక్కుతాడు, ప్రింటర్లోంచి ఆట బోర్డు వచ్చి పడుతుంది. వైకుంఠపాళీ వేశాడు, పులీ మేకా వేశాడు, అష్టా చెమ్మా కూడా వేశాడు. రేణు ఊరుకుంటుందా? తాముంటున్న షాంటిలీలో ఉన్న తెలుగు వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపింది. "మీవాడు బంగారం" అన్నవాళ్లకి పేరుపేరునా థాంక్స్ చెప్పింది.

ఈ బోర్డు మాత్రం ఎక్కడో చూసినట్టుంది. మధ్యలో పొడవాటి దారి, రెండు పక్కలా గదులు. ఈ చివర ఆఫీసు, ఆ చివర లైబ్రరీ.

కాగితం తిప్పి చూసింది. అది స్కూలు. విహాన్ ఏడేళ్లు చదివి, కిందటేడు వదిలిపెట్టిన స్కూలు.

గేటు దగ్గర ఒక ఎర్ర చుక్క. ఒక క్లాసు గదిలో ఇరవై రెండు నీలం చుక్కలు. టీచరు బల్ల వెనక, సింకు కింద, క్లాజెట్‌లో, పిల్లలు నక్కడానికి వీలున్న ప్రతిచోటా సున్నా చుట్టి ఉంది.

కింద ఆట నియమాలు. "ఎర్ర పావు ఒక్కటే. నీలం పావు చప్పుడు చేస్తే ఎర్రదానికి ఇంకో మూడు గళ్లు. ఏడిస్తే డెడ్." పక్కన పెన్సిల్‌తో విహాన్ వంకర రాత: "సోమవారం లోపు అయిపోవాలి."

సోమవారం. స్కూళ్లు తెరిచే రోజు.

రేణు కుర్చీలో కూలబడింది. కోడ్‌లో తప్పులు వెతకడమే ఆవిడ ఉద్యోగం. పక్కనే తెరిచి ఉన్న లాప్‌టాప్‌లో కోడ్ అంతా చదివింది. ఒక్క తప్పు లేదు. ఉంటే ఎంత బాగుండునో అనిపించింది.

టీవీలో ఎన్నిసార్లు చూడలేదు! ఏదో ఊరు, ఏదో స్కూలు, చుట్టూ పోలీసుల పసుపు టేపు. చూసినప్పుడల్లా పోయిన పిల్లల తల్లుల్ని తలుచుకునే ఏడ్చింది. కాల్చినవాడికీ ఒక తల్లి ఉంటుందని ఈరోజే తట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ స్కూల్లో చేరిన ఏడాది తుపాకీతో ఎవడైనా వస్తే ఎలా నక్కాలో నేర్పే డ్రిల్లులో వీడు గట్టిగా ఏడ్చేశాడు. నీ వల్లే అందరం దొరికిపోయామని పిల్లలు ఏడాదంతా వీడితో మాట్లాడలేదు. వీడు వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చిన్నపిల్లల గొడవ, అదే పోతుందిలే అని రేణు ఊరుకుంది. పోలేదన్నమాట. ఎనిమిదేళ్లుగా కడుపులో పెట్టుకున్నాడన్నమాట.

మొన్న కూడా అడిగింది, గది తలుపేసుకుని ఏం చేస్తున్నావురా అని. "నథింగ్ అమ్మా. నువ్వు చూస్తే శాడ్ అవుతావ్" అన్నాడు. టీనేజ్ కబుర్లు అనుకుంది, ఖర్మ!

భర్తకి ఫోన్ చేసింది. ఉన్నదంతా చెప్పింది. రఘువీర్ ముందు అడిగింది ఒకటే.

"పోలీసులకి కాల్ చేశావా?"

"లేదు."

"చేయకు. వాడి లైఫ్ మొత్తం పోతుంది రేణూ."

"చేయకపోతే? ఇరవై రెండు మంది పిల్లలు రఘూ! వాళ్ల అమ్మలకి ఏం చెప్తాం?"

"నేను స్టార్ట్ అవుతున్నా. ఫార్టీ మినిట్స్. అప్పటిదాకా వాణ్ని బయటికి పోనీకు."

ఫోన్ పెట్టేసింది. నలభై నిమిషాలు. ఈ లోపల ఏమైనా కావచ్చు.

చప్పుడు కాకుండా విహాన్ గది దాకా నడిచింది. తలుపు వేసి ఉంది. చెవి ఆనించింది. లోపల కొడుకు గొంతు. తను ఎప్పుడూ వినని గొంతు, పళ్లు బిగబట్టి మాట్లాడుతున్నాడు.

"లైట్స్ ఆఫ్. ఒక్క సౌండ్ వచ్చినా నువ్వు డెడ్. అర్థమైందా?"

ఎవరితో?

కింద హాల్లో కార్టూన్ల మోత వినిపిస్తోంది. నైనిక నవ్వు మాత్రం వినిపించడం లేదు. రేణు మెట్ల మీంచి తొంగి చూసింది. సోఫా ఖాళీగా ఉంది.

ఒక్క తోపుతో తలుపు తెరిచింది.

కిటికీ బ్లైండ్స్ దించేసి ఉన్నాయి. గది చీకటిగా ఉంది. విహాన్ నేల మీద, గళ్ల కాగితం ముందు కూర్చున్నాడు. చేతిలో ఎర్ర బొత్తాం. అమ్మని చూసి బిక్కచచ్చిపోయాడు.

"నైనిక ఏదిరా?"

వాడు క్లాజెట్ వైపు చూశాడు.

"ఏం చేశావురా దాన్ని!" రేణు పరుగున వెళ్లి క్లాజెట్ తలుపు లాగింది.

వేలాడే బట్టల వెనక మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని కూర్చున్న నైనిక, అమ్మని చూడగానే చేతులు తీసేసి సంబరంగా అంది: "అమ్మా, బ్యాడ్ మ్యాన్ డోర్ దాకా వచ్చాడు బట్ నేను ఏడవలేదు, సో నేను డెడ్ కాలేదు, మండే స్కూల్లో కూడా అస్సలు ఏడవను!"