చెవి కదలలేదు

"కదిలిందా?" కంచె అవతలి నుంచి తమ్ముడు ఆర్లెన్ అరిచాడు.

"చెవి కూడా కదల్లేదురా!" అన్నాను క్లోవర్ మెడ నిమురుతూ. ఆకు రాలినా బెదిరిపోయే ఆడగుర్రం, మంచులో నిలబడి తాపీగా ఎండుగడ్డి నములుతోంది.

దాణా కొట్లో ఎలుకల కోసమని వాడు కొన్న పిస్తోలు అరచేతిలో ఇమిడిపోతుంది. దానికి సైలెన్సర్ బిగించి ఉంది. మళ్లీ తూటా నింపి, ఇంకాస్త దగ్గరికొచ్చి, గురికి పెట్టిన ఖాళీ డబ్బాను ఇంకోసారి కాల్చాడు. పుస్తకం మూసినంత చప్పుడైంది.

"ఇప్పుడు?"

"ఊహూఁ. భలేదే కొన్నావు. కానీ ఒక్క తూటాయే పడుతుందేంట్రా? రెండో ఎలుక నువ్వు మళ్లీ నింపేదాకా ఆగుతుందా?"

వాడు నవ్వలేదు. "ఒక్కటి చాలక్కా."

ముసలి గుర్రం రస్టీ కుంటుతూ వచ్చి, ఆపిల్ ముక్క కోసం నా కోటు జేబులో మూతి పెట్టింది.

"దీని చెవులు కూడా చూడనా?"

"దానికి వినిపించినా ఫర్వాలేదు." వాడు తల దించుకున్నాడు. "పక్కనున్న క్లోవర్ బెదరకపోతే చాలు."

తీసి ఇవ్వబోయిన ఆపిల్ ముక్క నా చేతిలోనే ఉండిపోయింది.

"మంచు కరిగేదాకా రస్టీని ఉంచుతానని మాటిచ్చావు కదరా!"

వాడు పిస్తోలు తెరిచి ఇంకో తూటా పెట్టాడు.

"చప్పుడు లేదని ఇప్పుడు నువ్వే అన్నావుగా అక్కా."